సమ్మర్ మిషన్‌కి నాయన వద్దంటాండాడా? ఇట్ల చెయ్
తమ్ముడూ, సమ్మర్ మిషన్‌కి, అంటే ఎండాకాలం సెలవుల్లో చర్చి టీమ్‌తో ఊర్లకి సువార్త సేవకి, నెల రోజులు పోతానంటే నాయన ఒప్పుకోల్యా, ఖర్చుకి చర్చిలో అడగాలంటే సిగ్గు అన్నావ్ కదా. నువ్వు వాదించొద్దు, టీమ్ లీడర్నే ఇంటికి పిలిపించు. నాకూ ఇదే అయింది, ఆయనొచ్చి మజ్జిగ తాగుతా యాడ పడుకునేది, ఎవరు వండేది, ఆడపిల్లలకి వేరే ఇల్లు ఉందా అన్నీ చెప్పినాక మా నాయన అడిగింది ఒకటే, నీళ్లు యాడివి అని! కడప మే ఎండ 40 దాటుతాది మరి, అడగడా.

ఇంకా కాదంటే ఈసారికి పది రోజుల వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి నడిపే బైబిల్ బడి) టీమ్‌లో జమ్మలమడుగు పక్కకి పో, అక్కడి క్యాంప్‌బెల్ ఆసుపత్రి లండన్ మిషన్ వాళ్లు పెట్టిందే, అదీ చూసిరావచ్చు. డబ్బుకి పాస్టర్‌గారికి లెక్క రాసిచ్చి అడుగు, బస్సుకింత తిండికింత అని, వచ్చినాక మిగిలింది తిరిగి ఇచ్చేయ్. సప్లీ (సప్లిమెంటరీ) పరీక్షల డేట్లు మాత్రం ముందే చూసుకో.