మొవ్వుల ఎత్తున ఆగే పొగ

ప్రశ్న: సార్వా కోతలయ్యాక సాయంత్రం చేలో గడ్డి తగలబెడితే పొగ కొబ్బరి మొవ్వుల ఎత్తుకు లేచి అక్కడే దుప్పటిలా పరుచుకుంటోంది. అదే మధ్యాహ్నమైతే నేరుగా పైకి పోతుంది. ఎందుకని? దుమ్ము కొలిచే మీటరు మేడ మీద పెడితే తక్కువ చూపిస్తుందా? – ఓ రైతు, ముమ్మిడివరం

జవాబు: పొద్దు గూకాక ముందు నేల, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడతాయి. పై గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. కింది చల్లగాలి బరువు, లేవదు. పొగ తన వేడి చల్లారేదాకా ఎక్కి, ఆగిన చోట అడ్డంగా సాగుతుంది. శీతకాలం రాత్రుళ్లు కింది గాలికి ఆ వెచ్చటి పై గాలి మూతలా 100 నుంచి 300 మీటర్లలోపే పడుతుంది. మధ్యాహ్నం నేల కాగి గాలి కలబోసుకుంటే 200 మీటర్లలో ఉన్న పొగ 1,000 మీటర్లకు పరుచుకుని ఐదో వంతుకు పలచబడుతుంది. సముద్రం గాలి తిరిగితే మళ్లీ కథ మారుతుంది. ఆ చల్లగాలి కిందనుంచి దూరుతుంది కనుక తీరం దగ్గర పొగకు, లోపలికున్న రావులపాలెం వైపు దొరికినంత ఎత్తు దొరకదు.

పొద్దున్నే 8, 9 గంటలప్పుడు ఉన్నట్టుండి వాసన ఘాటెక్కడం గమనించే ఉంటారు. రాత్రి పైన నిలిచిన పొగను, ఎండెక్కి కదిలిన గాలి కిందికి కలిపేస్తుంది. మిల్లు గొట్టం ఎత్తుగా ఉన్నా ఆ గంటలో తప్పించుకోలేం. గడ్డి కాల్చకుండా పశువులకు కట్టలు కట్టించుకోవడమే మేలు. ఏదైనా కాల్చక తప్పకపోతే సాయంత్రం మాత్రం వద్దు.

ఇక మీటరు. బరువైన దుమ్ము కిందికి దిగిపోతుందనుకుంటాం గానీ, 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు కదలని గాలిలో రోజుకు సుమారు 250 మీటర్లు దిగితే, 1 మైక్రాన్ రేణువు దిగేది 3 మీటర్లే. గాలి కలిసే మధ్యాహ్నం 35 అడుగుల మేడకూ వీధి అరుగుకూ తేడా దాదాపు ఉండదు. తెల్లవారుజామున ఉండొచ్చు.

చూడాలంటే ముందు రెండు మీటర్లను రెండు రోజులు పక్కపక్కనే పెట్టి వాటి మధ్య తేడా రాసుకోండి. తర్వాత ఒకటి అరుగు మీద, ఒకటి మేడ మీద. ఉదయం 6, 8.30, మధ్యాహ్నం 2, రాత్రి 7కు అంకెలు రాయండి. వంటింటి గొట్టానికి దూరంగా ఉండాలి. తేమ 85 శాతం దాటిన మంచు పొద్దుల్లో అంకెను నమ్మకండి: ఉప్పు రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, కాంతితో కొలిచే చవక మీటర్లు ఆ ఉబ్బునంతా దుమ్ముగానే లెక్కేస్తాయి.

ప్రశ్న: పైకి పోయేకొద్దీ దుమ్ము సున్నా అయిపోతుందా? – విద్యార్థిని, భీమవరం

జవాబు: కాదు. ఉజ్జాయింపు లెక్కలో 1.5 కిలోమీటర్ల ఎత్తున నేల దగ్గరున్న దానిలో 37 శాతం, 3 కిలోమీటర్ల దగ్గర ఏడో వంతు మిగులుతుంది. మధ్యలో దుమ్ము పొరలు వస్తే ఈ లెక్క తప్పుతుంది. అలాంటి పొరలను తిరుపతి దగ్గరి గాదంకి వాతావరణ పరిశోధన కేంద్రంలో లేజరు కిరణం పైకి పంపి, వెనక్కొచ్చే వెలుగుతో పట్టుకుంటారు. కింది గాలిలోని రేణువుల్ని వాన వారంపదిరోజుల్లో కడిగేస్తుంది. 20 కిలోమీటర్ల పైన వాన లేదు. అందుకే 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం ఎగజిమ్మిన గంధకపు వాయువు నుంచి పుట్టిన రేణువులు అక్కడ సుమారు రెండేళ్లు నిలిచాయి.