రీస్లింగ్ ద్రాక్ష గుత్తుల చివర వాడుతున్నది కుళ్లు కాదు, మెగ్నీషియం లోపం

ప్రశ్న: జర్మనీలో మోజెల్ నది లోయలో ఒక కుటుంబం తరతరాలుగా సాగు చేస్తున్న రీస్లింగ్ వైన్ తోటలో పనిచేస్తున్నాను. బాగా నిటారు వాలు, పలకరాయి నేల. ఏటా పొటాష్ వేస్తారు. కాయలు మెత్తబడటం మొదలై పది రోజులైంది. గుత్తుల చివరి కాయలు వాడి ముడతలు పడుతున్నాయి. బోట్రైటిస్ అనే బూజు కుళ్లు అని డీలర్ చెబితే రెండుసార్లు మందు కొట్టాం, తగ్గలేదు. మూడోసారి కొట్టాలా?

– ఒక తెలుగు యువకుడు, బెర్న్‌కాస్టెల్ ప్రాంతం

జవాబు: కొట్టొద్దు. మీ ఫొటోల్లో కాయల మీద ఎక్కడా బూజు లేదు. గుత్తి కాడ చూడండి. నల్లటి గుంట మచ్చలు కాడ చుట్టూ పాకి, ఆ కింది కాయలకు సరఫరా ఆగిపోయింది. ఇది కాడ ఎండు. మీ యజమానులకు స్టీల్‌లేమె అంటే వెంటనే తెలుస్తుంది. దీనికి శిలీంద్రం కారణం కాదు, కాబట్టి ఏ శిలీంద్రనాశినీ పనిచేయదు. రీస్లింగ్‌కు ఈ బెడద ఎక్కువ. పూత సమయంలో చలి, వాన ఉంటే ఇంకా పెరుగుతుంది.

ఎండిన కాడ మళ్లీ పచ్చబడదు. మిగిలిన గుత్తులను కాపాడటానికి 100 లీటర్ల నీటికి 5 కిలోల మెగ్నీషియం సల్ఫేట్ (బిట్టర్‌జాల్ట్ పేరుతో దొరుకుతుంది) కలిపి వెంటనే ఒకసారి, 10 రోజులకు మరోసారి కొట్టండి. హెక్టారుకు 400 లీటర్ల ద్రావణం, అంటే 20 కిలోల మెగ్నీషియం సల్ఫేట్. సాయంత్రం పూట, గుత్తులున్న భాగం మీదే, రెండు వైపులా తడిసేలా కొట్టాలి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వేరే మందేదీ కలపొద్దు. హెలికాప్టర్‌తో పైనుంచి కొట్టిస్తే ఆకుల మీదే ఆగిపోతుంది, కాబట్టి వాలు మీద గొట్టం లాక్కెళ్లి చేత్తోనే కొట్టాలి. కష్టమే, కానీ వేరే దారి లేదు. వచ్చే ఏడాది కాయలు మెత్తబడే రోజునే మొదలుపెట్టండి.

అసలు సంగతి పొటాష్. నేలలో పొటాష్ ఎక్కువైతే వేర్లు మెగ్నీషియం తీసుకోలేవు. మీ మట్టి పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు? ప్రశ్నలో ఆ మాటే లేదు! మట్టి చూడకుండా ఏటా బస్తాలు గుమ్మరించడం, కాయ వాడగానే డీలర్ ఇచ్చిన డబ్బా కొట్టడం మోజెల్‌లో అయినా మన ఊళ్లో అయినా తప్పే. డీలర్ కాడ తిప్పి చూశాడా? ఒకే గ్రూపు బోట్రైటిస్ మందును ఏడాదికి ఒక్కసారికి మించి కొడితే శిలీంద్రం తట్టుకోవడం నేర్చుకుంటుంది. కోతకు దగ్గరగా కొట్టిన మందు అవశేషం పీపాలో రసాన్ని వైన్‌గా పులియబెట్టే ఈస్ట్‌ను కూడా ఇబ్బంది పెట్టగలదు. కోత కాగానే ఒక్కో మడి నుంచి 15–20 చోట్ల, 0–30, 30–60 సెంటీమీటర్ల లోతుల మట్టిని విడివిడిగా తీసి పరీక్షకు ఇవ్వండి. ఫలితం వచ్చేదాకా పొటాష్ ఆపండి. మెగ్నీషియం తక్కువని తేలితే కీజరైట్ (నేలకు వేసే మెగ్నీషియం ఎరువు) ఎంత వెయ్యాలో ఆ రిపోర్టును బట్టే నిర్ణయించండి.

ఒక జాగ్రత్త. రీస్లింగ్ బాగా పండాక పట్టే బోట్రైటిస్ సంగతి వేరు. ట్రోకెన్‌బీరెన్‌ఆస్‌లేజె లాంటి తియ్యటి వైన్లు ఆ కాయలతోనే చేస్తారు. కాడ ఎండిన కాయ చూడటానికి అలాగే ముడతలు పడి ఉన్నా, చక్కెర చేరకముందే ఆగిపోయింది కాబట్టి పుల్లగా ఉంటుంది. కోతకు ముందే వాడిన చివరలను కత్తిరించి నేల మీద పడేయండి. అనుమానం ఉంటే ఒక కాయ నోట్లో వేసుకుని చూడండి.