రంగు మారగానే తాకే ఆటతో తెలివి తెలుస్తుందా?

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి లెక్కలు సరిగ్గానే చేస్తాడు, కానీ బాగా నిదానం. ఫోన్‌లో రంగు మారగానే తెర తాకే ఆటలో పది ప్రయత్నాలకు సగటు 342 మిల్లీసెకన్లు వచ్చింది. చెల్లెలికి 285. వాడికి తెలివి తక్కువనుకోవాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అనుకోకండి. తొమ్మిదిసార్లు 280లో తాకి, ఒక్కసారి పరధ్యానంలో 900 పట్టినా సగటు సరిగ్గా 342 వస్తుంది. పైగా వేలు తగిలిందని గుర్తించడానికి ఒక్కో ఫోన్ ఒక్కోలా ఆలస్యం చేస్తుంది. వేర్వేరు ఫోన్లలో ఆడితే పోలికే కుదరదు.

వేగానికీ తెలివికీ సంబంధమైతే ఉంది. స్కాట్లాండ్‌లో 56 ఏళ్ల వయసున్న 900 మందిపై డియరీ, డెర్, ఫోర్డ్ అనే పరిశోధకులు 2001లో వెలువరించిన అధ్యయనం చూడండి. అంకె కనబడగానే మీట నొక్కే సమయానికీ తెలివి పరీక్ష మార్కులకూ సహసంబంధం (రెండూ ఎంత కలిసి మారతాయో చెప్పే అంకె; 0 అయితే ముడి లేనట్టు, 1 లేదా −1 అయితే పూర్తిగా ఉన్నట్టు) −0.31. నాలుగు అంకెల్లో ఏది కనబడితే దాని మీటే నొక్కాలంటే −0.49. సమయం పెరిగితే మార్కులు తగ్గుతాయని ఆ మైనస్ చెబుతుంది. తేడాలో ఎంత వంతు ముడిపడిందో తెలియాలంటే ఈ అంకెను వర్గం చేయాలి; 0.49ని వర్గం చేస్తే 0.24. అంటే మనిషికీ మనిషికీ మార్కుల్లో కనిపించే తేడాలో నాలుగో వంతు కూడా వేగంతో ముడిపడి లేదు. దీన్నిబట్టి ఒక పిల్లవాడి గురించి తీర్పు చెప్పలేం.

ఇందులో మాకు ఆసక్తిగా అనిపించేది వేరే ఉంది. ఒక మనిషి అతివేగంగా నొక్కిన సమయాలకంటే, అతి ఆలస్యంగా నొక్కినవే తెలివి మార్కులతో ఎక్కువ ముడిపడి ఉంటాయని లార్సన్, ఆల్డర్టన్ 1990లో చూపారు. చేస్తున్న పని మీదనుంచి దృష్టి క్షణకాలం జారిపోవడమే కారణమని ఒక వివరణ.

ఇంట్లో చూడాలంటే ఒకే ఫోన్, ఉదయంపూట, నోటిఫికేషన్లు ఆపేసి ఆడించండి. మొదటి పది అలవాటుకు వదిలేసి, తర్వాతి 40 రాసుకోండి. 150 లోపువి ముందే ఊహించి తాకినవి, కొట్టేయండి. మిగిలినవి చిన్నదానినుంచి పెద్దదానికి పేర్చి, నడుమ అంకెనూ చివరి ఎనిమిదినీ చూడండి. నడుమది బాగుండి చివరివి మరీ సాగితే ముందు నిద్ర సంగతి చూడండి.

అసలు పరీక్ష లెక్కల్లోనే ఉంది. ఒకే స్థాయి పేపర్లు మూడు ఇవ్వండి: గడియారం పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి, నోటితో చెప్పించి ఒకటి. నోటితో చకచకా చెబితే నిదానం చేతిరాతది. మూడింటిలోనూ మధ్యలో ఆగిపోతుంటే క్లినికల్ సైకాలజిస్ట్‌కు చూపించండి.

ప్రశ్న: మెదడుకు పదును పెట్టే యాప్‌కు డబ్బు కట్టొచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: సరదాకైతే కట్టండి. ఆ ఆటలో స్కోరు పెరుగుతుంది, దాన్ని పోలిన ఆటల్లోనూ కొంత. జ్ఞాపకశక్తి శిక్షణపై వచ్చిన అధ్యయనాలను 2016లో మెల్బీ-లెర్వాగ్, రెడిక్, హ్యూమ్ కలిపి చూస్తే, చదువుకో తెలివికో అది పాకినట్టు నమ్మదగిన ఆధారం దొరకలేదు.