సూత్రం కన్నా ముందు షరతు చూడు

ఒంగోలు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ప్రక్షేపకాల (గాలిలోకి విసిరిన వస్తువుల) మీదా బలాల మీదా సూత్రాలన్నీ కంఠతా వచ్చినా, పరీక్షలో ఏది ఎక్కడ వాడాలో నీకు తోచడం లేదని మీ అమ్మ చెప్పింది. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కాబట్టి ఈ ఇబ్బంది నాకు బాగా తెలిసినదే. నువ్వు సూత్రాన్ని గుర్తుపెట్టుకున్నావు గానీ అది ఏ షరతు మీద నిలబడి ఉందో గుర్తుపెట్టుకోలేదు. ఈ రెండు అధ్యాయాల్లో మార్కులు పోయేది చాలావరకు అక్కడే.

ఒక లెక్క తీసుకుందాం. 15 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి ఒక బంతిని, క్షితిజ సమాంతరానికి 30 డిగ్రీల కోణంలో పైవైపుకు, సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరారు. గురుత్వ త్వరణం 10 అనుకుంటే, అది మేడకు ఎంత దూరంలో నేలను తాకుతుంది? ఈ ప్రశ్న చూడగానే చాలామంది పిల్లలు వ్యాప్తి (వస్తువు అడ్డంగా వెళ్లే దూరం) సూత్రం రాసేసి 34.6 మీటర్లు అని జవాబు గీత కింద పెడతారు. విసిరిన మట్టానికే తిరిగి వచ్చే వస్తువుకు మాత్రమే వర్తించే సూత్రం అది. 34.6 మీటర్ల దగ్గర మన బంతి మేడ ఎత్తున గాలిలోనే ఉంటుంది, నేలను తాకాలంటే ఇంకా 15 మీటర్లు దిగాలి.

అందుకే ముందు బొమ్మ గీయి. మేడ అంచును మూలబిందువుగా తీసుకుని, పైవైపు ధనం, కిందివైపు రుణం అని కాగితం మీద రాసుకో. ఒకసారి రాసుకున్నాక లెక్క మధ్యలో దాన్ని మార్చకు. వేగాన్ని విడగొడితే నిలువు అంశం 10, అడ్డం అంశం 17.3 వస్తాయి. గాలి నిరోధాన్ని వదిలేస్తే అడ్డంగా ఏ బలమూ లేదు కాబట్టి 17.3 చివరిదాకా మారదు. నిలువుగా పనిచేసేది బరువు ఒక్కటే. ఈ రెండు చలనాలూ ఒకదాని జోలికి ఒకటి పోవనీ, వాటిని కలిపి చూస్తే దారి పరావలయం అవుతుందనీ గెలీలియో 1638లో ప్రచురించాడు. నీ అధ్యాయమంతా ఆ ఒక్క విషయం మీదే నడుస్తోంది. రెండింటికీ ఉమ్మడిగా ఉండేది కాలం ఒక్కటే కనుక ముందు దాన్నే కనుక్కోవాలి. నేలను తాకే క్షణంలో నిలువు స్థానభ్రంశం రుణ 15, అంటే −15 = 10t − 5t², ఇందులో t కాలం. ఆ సమీకరణం సాధిస్తే కాలానికి 3 సెకన్లు, రుణ 1 సెకను అని రెండు విలువలు వస్తాయి. మూడు సెకన్లను 17.3తో గుణిస్తే దూరం సుమారు 52 మీటర్లు.

రుణ 1ని కొట్టేసే ముందు దాన్ని కాస్త పరిశీలించు. అదే పరావలయాన్ని వెనక్కి పొడిగిస్తే, మేడ మీద విసిరిన క్షణానికి ఒక సెకను ముందు బంతి నేల మట్టాన ఉండాలని అది చెబుతోంది. మన ప్రశ్న చేయి వదిలిన క్షణం నుంచే మొదలవుతుంది కనుక ఆ విలువ మనకు అక్కర్లేదు. రుణ సంఖ్య అని కాకుండా ఈ కారణంతో వదిలేస్తే, రేపు కాలాన్ని వేరే క్షణం నుంచి లెక్కించమన్నా నువ్వు తడబడవు. ఆ తర్వాత జవాబును మరో దారిలో సరిచూసుకో. బంతి ఒక సెకనులో మరో 5 మీటర్లు ఎక్కి శిఖరానికి చేరుతుంది, అక్కడి నుంచి 20 మీటర్లు పడటానికి 2 సెకన్లు పడుతుంది, మొత్తం 3 సెకన్లే. శిఖరం దగ్గర నిలువు వేగం సున్నా అవుతుంది గానీ త్వరణం సున్నా కాదు. అలాగే గాలిలో ఉన్న బంతి బొమ్మలో విసిరిన బలమంటూ ముందుకు బాణం గీయకు, చేయి వదిలిన క్షణమే ఆ బలం అయిపోయింది.

బలాల లెక్కల్లోనూ ఇదే తంతు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు నువ్వు చూసినవే. 2 టన్నుల దిమ్మె ఒకటి 30 డిగ్రీల వాలు మీద కదలకుండా ఉంది, స్థితిక ఘర్షణ గుణకం 0.6, ఘర్షణ బలం ఎంత అని అడిగారనుకో. దిమ్మెను ఒంటరిగా గీసి, దాన్ని తాకుతున్నవాటి బలాలనూ భూమి ఆకర్షణనూ మాత్రమే చూపించు. బరువు 20,000 న్యూటన్లు, వాలుకు లంబంగా ఉండే అంశం 17,320, వాలు వెంట కిందికి లాగే అంశం 10,000. ఇక్కడ గుణకాన్ని అభిలంబ బలంతో, అంటే వాలు దిమ్మెను లంబంగా నెట్టే 17,320తో, గుణించి 10,392 అని రాస్తే తప్పు. అది ఘర్షణ చేరగల గరిష్ఠ హద్దు మాత్రమే. కదలకుండా ఉన్న దిమ్మె మీద ఘర్షణ ఎంత అవసరమో అంతే ఉంటుంది, అంటే 10,000 న్యూటన్లు. నిజంగా 10,392 ఉండి ఉంటే దిమ్మె దానంతటదే వాలు ఎక్కాలి! వాలు సుమారు 31 డిగ్రీలు దాటాకే అది జారుతుంది, ఆ కోణంలో దిమ్మె బరువు ప్రసక్తే ఉండదు. జారడం మొదలయ్యాక మాత్రం గతిక ఘర్షణ గుణకంతో లెక్క వేయాలి. అభిలంబ బలం బరువుకు సమానమని రాసే అలవాటు కూడా మానుకో, అది క్షితిజ సమాంతర తలం మీద, నిలువుగా మరే బలమూ త్వరణమూ లేనప్పుడు మాత్రమే నిజం.

బరువును వాలు వెంట విడగొట్టేటప్పుడు సైనా, కొసైనా అన్న సందేహం వస్తే కోణాన్ని సున్నా చేసి చూడు. నేల చదునుగా ఉంటే కిందికి జార్చే అంశం ఉండకూడదు కదా, కాబట్టి అక్కడ సైన్ ఉండాలి.

శ్రీహరికోట నుంచి మొదటిసారిగా 1971 అక్టోబరు 9న రోహిణి రాకెట్లు లేచాయి. ఇప్పటికీ అక్కడ ప్రయోగం ఉందంటే నెల్లూరులో మనవాళ్లు మేడలెక్కి చూస్తారు. ఇంధనం మండుతున్నంతసేపూ రాకెట్ ప్రక్షేపకం కాదు, ఇంజన్ దాన్ని నెడుతూనే ఉంటుంది. మీ పరీక్షలో రాకెట్ లెక్క వస్తే దాన్ని రెండు ముక్కలు చెయ్యి. ఇంజన్ ఆగిన క్షణంలో ఉన్న ఎత్తూ వేగమూ రెండో ముక్కకు ప్రారంభ విలువలు అవుతాయి. ఇంజన్ ఆగగానే రాకెట్ ఆగుతుందని రాసే పిల్లలు ఏటా కనిపిస్తారు.

ఈ వారం నువ్వు ఏ లెక్కా పూర్తి చేయవద్దు. పాత ప్రశ్నపత్రాల్లోంచి కొన్ని ఎంచుకుని, ఒక్కోదానికి బొమ్మ, అక్షాల దిశలు, నువ్వు వాడబోయే సూత్రం, దాని షరతు ఇక్కడ నెరవేరుతోందా లేదా అన్న ఒక వాక్యం మాత్రం రాసి, ఫొటో తీసి నాకు పంపు. నేను దిద్ది పంపిన తర్వాతే అంకెల్లోకి దిగు.

ఇట్లు,
మీ తాతయ్య