ఎర్ర పెన్ను జోలికి పోకు

చిరంజీవి నానీకి,

సాయంత్రాలు పిల్లల కోసం క్లబ్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదురా. సగం సంతోషం, సగం టెన్షన్.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఇంట్లోవాళ్ల అనుమతి రాయించుకో. ఎవరికి ఏ మందు పడదో, అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో రిజిస్టర్‌లో ఉండాలి. తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతో ఒక్కడివే కూర్చోకు. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకు. పిల్లకి ప్రమాదమంటే చెప్పక తప్పదు, అది ముందే తెలియాలి.

ఇక నా నిర్వాకం విను. నేను పనిచేసిన పిల్లల సెంటర్‌కి చందాలిచ్చేవాళ్లు వస్తున్నారంటే, పద్నాలుగేళ్ల అమ్మాయిని తన సంగతి రాసి చదవమన్నాను. ‘మా ఇంట్లో గొడవలు. ఇక్కడికొస్తే బాగుంటుంది’ అని రాసింది. అంతే. నాకు సరిపోలేదు. ఎర్ర పెన్నుతో ‘రోజూ ఏడుస్తూ నిద్రపోయేదాన్ని’ అని చేర్చాను. తను ఏమీ అనలేదు. స్టేజి మీద ఆ వాక్యం దగ్గర ఆగి, నావైపు చూసి, చదివేసింది. హాలంతా చప్పట్లు. దిగాక ఆ కాగితాన్ని మడతమీద మడత పెట్టి, అగ్గిపెట్టంత చేసి నా చేతిలో పెట్టింది. ముందు వరసలో తన క్లాస్‌మేట్ వాళ్ల నాన్న ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఒకసారి రోడ్డు మీద నన్ను చూసి అవతలి పక్కకి వెళ్లిపోయింది.

రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో యూనిసెఫ్ కోసం రాసిన వ్యాసం చాలా ఏళ్లకి నా చేతికొచ్చింది. పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. వాళ్లని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకి పిలవడం అనే కింది మూడు మెట్లూ అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. నేను ఆ మూడూ ఒక్క సాయంత్రంలోనే చేశాను.

అందుకే, ప్రారంభం రోజు ఫొటోలు గ్రూపుల్లో పెడతానన్నావని వినగానే గుండె దడదడలాడింది. పిల్లల్నే అడుగు. ‘వద్దు’ అంటే మళ్లీ అడక్కు.

క్లబ్‌కి నువ్వు వేసిన ఆ టైమ్‌టేబుల్ చార్టేమిట్రా? బడి చాలలేదా వాళ్లకి? 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం చూడు, ఆటా విశ్రాంతీ హక్కులే. చార్టు చించెయ్. ఏం చేద్దామో వాళ్లనే తేల్చుకోనివ్వు, గోల అయినా సరే.

మొదటి రోజు ఇద్దరే రావచ్చు. అయినా చెప్పిన టైముకి తలుపు తెరిచి ఉంచు, ఆ ఇద్దరితోనే చదరంగం ఆడు. కావాలని మాత్రం ఓడిపోకు, పట్టేస్తారు. ఎనిమిదేళ్లప్పుడు నువ్వు నన్ను పట్టేసి, వారం రోజులు మాట్లాడలేదు గుర్తుందా?

ఇట్లు,
పెద్దమ్మ