ప్రకటన చూసి కొనేటప్పుడు, అమ్మేటప్పుడు: బెంగళూరు పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ శీర్షికకు ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సమస్య గురించి ఉన్నాయి. ఇల్లు మారుతూ సామాను అమ్మబోయినవారు, సెకండ్‌హ్యాండ్ బండి కొనబోయినవారు, అద్దె ఇంటి కోసం వెతుకుతున్నవారు ఆన్‌లైన్ ప్రకటనల ద్వారా పరిచయమైన అపరిచితుల చేతుల్లో డబ్బు పోగొట్టుకున్నారు. వాటిలో ఐదు ఉత్తరాలను ఎంచుకొని, రాసినవారి పేర్లు లేకుండా ఇక్కడ ప్రచురిస్తున్నాము.

*ప్రశ్న: మా వారికి హైదరాబాదుకు బదిలీ కావడంతో ఇల్లు ఖాళీ చేస్తూ, మంచాన్నీ వాషింగ్ మెషీన్‌నూ కలిపి అమ్మకానికి ప్రకటన పెట్టాను. గంటలోపే ఒకాయన ఫోన్ చేసి, తాను సైన్యంలో ఉద్యోగినని చెప్పి, బేరమాడకుండా రూ. 14,000కు ఒప్పుకున్నాడు. గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపాడు. మొదట రూ. 5 నిజంగానే నా ఖాతాలో పడ్డాయి. తర్వాత ఆయన పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టగానే రూ. 14,000 పోయాయి. పొరపాటు జరిగిందనీ, మొత్తం వెనక్కి వస్తుందనీ మరో కోడ్ పంపితే ఇంకో రూ. 14,000 పోయాయి. ఇంట్లో చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, మారతహళ్ళి)*

జవాబు: అమ్మా, ఈ జవాబు పూర్తిగా చదివే లోపే 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ ఆర్థిక నేరాల కోసం దేశమంతటా పనిచేసే సహాయ నంబరు. మీరు చెప్పే లావాదేవీ నంబరు, తేదీ, సమయం, మొత్తం ఆధారంగా ఆ డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళుతుంది, అప్పటికి ఆ ఖాతాలో మిగిలి ఉన్న సొమ్మును అక్కడ నిలిపివేస్తారు. ఇటువంటి సొమ్మును మోసగాళ్ళు నిమిషాల్లో నాలుగైదు ఖాతాలు మార్చి ఏటీఎంలో తీసేసుకుంటారు కాబట్టి, ఫిర్యాదు ఎంత త్వరగా అందితే అంత మిగులుతుంది. ఆలస్యమైందని ఊరుకోవద్దు. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో కూడా వివరాలు నమోదు చేసి, వచ్చిన నంబరుతో మీ బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయండి.

బ్యాంకు నష్టాన్ని భర్తీ చేస్తుందా అని కూడా మీరు ఆలోచిస్తూ ఉంటారు. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు అజాగ్రత్త వల్ల జరిగిన నష్టాన్ని బ్యాంకుకు తెలియజేసే వరకు ఖాతాదారే భరించాలి, తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. పిన్ మీరే కొట్టారు కనుక బ్యాంకు ఈ కారణం చూపే అవకాశం ఉంది. ఇది కష్టమైన మాటే అయినా ముందే తెలియడం మంచిదని రాస్తున్నాను.

ఇక, ఇది ఎలా జరిగిందో అర్థం చేసుకుంటే మీ మీద మీకు కోపం తగ్గుతుంది. మొదట వచ్చిన రూ. 5 మీలో ‘డబ్బు వస్తోంది’ అన్న నమ్మకాన్ని నాటడానికే వచ్చాయి. క్యూఆర్ కోడ్ డబ్బు చెల్లించడానికే తప్ప తీసుకోవడానికి స్కాన్ చేసేది కాదు. యూపీఐలో డబ్బు మన ఖాతాలోకి రావడానికి మన పిన్ ఎప్పుడూ అవసరం లేదు. బ్యాలెన్సు చూసుకోవడం లాంటి సందర్భాల్లో తప్ప, పిన్ అడిగితే డబ్బు బయటికే పోతుంది, తెర మీద ఏ పేరు కనిపించినా, ఎవరు ఏమి చెప్పినా సరే. ఎదుటివారి నుంచి డబ్బు కోరే ‘కలెక్ట్ రిక్వెస్టు’ల ద్వారా కూడా ఇలాంటి మోసాలు విపరీతంగా జరగడంతో, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 అక్టోబరు 1 నుంచి వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్ని నిలిపివేసింది. ఆ దారి మూసుకుపోయినా క్యూఆర్ కోడ్ దారి తెరిచే ఉంది.

సైనికుడినని చెప్పడం ఈ మోసంలో చాలాకాలంగా వాడుతున్న ఎత్తు. సైన్యం మీద మనకున్న గౌరవాన్ని అడ్డుపెట్టుకొని, తాను స్వయంగా రాలేకపోవడానికి ఒక నమ్మదగిన కారణాన్ని సృష్టించుకోవడమే అందులోని ఉద్దేశం. వస్తువును చూడకుండా, బేరమాడకుండా కొంటానన్నవారిని అక్కడితోనే వదిలేయండి. నెలాఖరులో ఇల్లు ఖాళీ చేసే తొందరలో ఉన్నవారి దగ్గరే ఇటువంటి ఫోన్లు ఎక్కువగా ఫలిస్తాయి.

ఇంట్లో ఈ రోజే చెప్పండి. మోసగాడు మళ్ళీ ఫోన్ చేసి, ‘మీ డబ్బు ఇప్పిస్తాను’ అని మూడోసారి ప్రయత్నించడం మామూలే. ఆ సమయంలో మీ పక్కన ఒక మనిషి ఉండాలి.

*ప్రశ్న: మాది మదనపల్లి, ఉద్యోగరీత్యా కె.ఆర్.పురంలో ఉంటున్నాను. స్కూటరు ప్రకటన చూసి ఫోన్ చేస్తే, అవతలి వ్యక్తి తెలుగులోనే మాట్లాడి, ‘అన్నా, మాది కూడా మదనపల్లి పక్కనే’ అన్నాడు. బండి తన బావమరిది దగ్గర హొరమావులో ఉందనీ, వెళ్ళి చూసుకోమనీ, అయితే ధర మాట అక్కడ ఎత్తవద్దనీ చెప్పాడు. బండి నచ్చింది. ఆయన చెప్పిన ఖాతాకు రూ. 52,000 పంపాను. బండి దగ్గర ఉన్నాయన మాత్రం తనకు పైసా రాలేదని తాళం ఇవ్వడం లేదు. ఆయన కూడా ఈ మోసంలో ఉన్నాడా? (ఒక పాఠకుడు, కె.ఆర్.పురం)*

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆయన కూడా మీలాగే మోసపోయినట్టు కనిపిస్తోంది. ఇది ఇద్దరు నిజాయితీపరుల మధ్య మూడో మనిషి దూరి చేసే మోసం. అసలు యజమాని తన బండికి, రూ. 70,000 అనుకుందాం, ఒక ప్రకటన పెడతాడు. మోసగాడు ఆ ఫొటోలనే తీసుకొని తన నంబరుతో తక్కువ ధరకు మరో ప్రకటన పెడతాడు. మీరు ఫోన్ చేయగానే అటు యజమానికి ఫోన్ చేసి, ‘బండి నేనే కొంటున్నాను, నాకు బాకీ ఉన్న మనిషికి దాన్ని ఇస్తున్నాను, అతను వచ్చి చూసుకుంటాడు, డబ్బు నేనే పంపుతాను, అతనితో ధర మాట్లాడవద్దు’ అంటాడు. మీతో ఏమన్నాడో మీకు తెలుసు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, తాళాలు చేతులు మారే దశ వరకు వచ్చి కూడా ధర గురించి ఒక్క మాట అనుకోకపోవడం మీదే ఈ మోసమంతా ఆధారపడి ఉంది. ‘మీరు దీన్ని ఎంతకు అమ్ముతున్నారు? డబ్బు మీ ఖాతాకేనా?’ అని మీరు అడిగి ఉంటే అది అక్కడే కూలిపోయేది.

అందువల్ల ఆయనతో తగవు పెంచుకోకుండా, వీలైతే ఇద్దరూ కలిసి మీ పరిధిలోని సెన్ పోలీసు స్టేషనుకు, అంటే సైబర్ నేరాలు చూసే స్టేషనుకు వెళ్ళండి. 1930లో ఫిర్యాదు దానికంటే ముందు జరగాలి. ఆయన ఫోనులోని కాల్ వివరాలు, వాట్సాప్ సందేశాలు మీ కేసుకు ఎంతో విలువైన సాక్ష్యాలు. మరొకరి వేషంలో కంప్యూటరు, ఫోను ద్వారా మోసం చేయడం సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 66డి కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే నేరం. భారతీయ న్యాయ సంహితలోని మోసం సెక్షన్లు కూడా దీనికి వర్తిస్తాయి. ఒకవేళ ఈలోగా మీరు ఊరికి వెళ్ళవలసి వస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) ప్రకారం నేరం ఎక్కడ జరిగినా మదనపల్లి స్టేషనులో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టినది ‘తెలుగులోనే మాట్లాడాడు’ అన్న మాట. పరాయి ఊళ్ళో మన భాష వినగానే మనసు మెత్తబడడం సహజం. మన ఊరివాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ప్రకటనలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఊరి పేరు చెప్పినంత మాత్రాన ఆర్సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం, చూడడం మానవద్దు.

మళ్ళీ బండి కొనేటప్పుడు మనిషి, వస్తువు, డబ్బు మూడూ ఒకే చోట, ఒకే వేళ కలవాలని పట్టుబట్టండి. ఆర్సీలో పేరున్న వ్యక్తి మీ ఎదురుగా ఉండాలి, డబ్బు ఆ పేరున్న ఖాతాకే వెళ్ళాలి. ఆయన రాలేనంటే ఆయన వచ్చే రోజు వరకు ఆగండి. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఆర్సీ వివరాలు, బీమా గడువు చూసుకొని, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోతుందో లేదో బండి మీదే చూడండి. ఫైనాన్సు ఉన్నట్టు కనిపిస్తే, అప్పు ఇచ్చిన సంస్థ సంతకం చేసిన ఫారం 35, నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) రానిదే ముందుకు పోవద్దు. యాజమాన్యం మారడానికి ఫారం 29, ఫారం 30 కావాలి. ఆంధ్రా నంబరు బండిని కర్ణాటకలో కొంటుంటే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ కూడా కావాలి.

అమ్మేవారికి కూడా ఇందులో ఒక మాట చెప్పాలి. అదే రాష్ట్రంలో బండి అమ్మినప్పుడు 14 రోజుల్లోపు రిజిస్టరు చేసే అధికారికి తెలియజేయాలని, కొన్నవారు 30 రోజుల్లోపు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్ చెబుతోంది. ‘కొన్నవాడే మార్పించుకుంటాడులే’ అని తాళాలు ఇచ్చేస్తే, ఆ బండి వల్ల ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం రికార్డులో పేరున్న యజమాని మీదే పడుతుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

*ప్రశ్న: మా అబ్బాయికి వైట్‌ఫీల్డులో ఉద్యోగం వచ్చింది. ఒక ప్రకటనలో మంచి ఫ్లాట్ తక్కువ అద్దెకు కనిపించింది. యజమాని వేరే రాష్ట్రంలో ఉన్నారట. చూడడానికి లోపలికి వెళ్ళాలంటే గేట్ పాస్ కోసం రూ. 2,500 ముందుగా కట్టాలనీ, అద్దెలో తగ్గిస్తామనీ అంటున్నారు. కట్టవచ్చా? (ఒక తండ్రి, కడప)*

జవాబు: కట్టవద్దు. అపార్టుమెంటుకు ఇల్లు చూడడానికి వచ్చేవారి దగ్గర డబ్బు తీసుకొని పాస్ ఇచ్చే పద్ధతి లేదు. గేటు దగ్గర సెక్యూరిటీవారు ఫ్లాట్ యజమానికి ఫోన్ చేసి అనుమతి అడుగుతారు, అంతే. మీ అబ్బాయిని నేరుగా ఆ గేటు దగ్గరికి వెళ్ళి, ఆ నంబరు ఫ్లాట్ ఖాళీగా ఉందా, యజమాని ఎవరు అని అడగమనండి. చాలాసార్లు ఫ్లాటూ నిజమే, ఫొటోలూ నిజమే, ప్రకటన ఇచ్చినవాడు మాత్రమే అబద్ధం. బెంగళూరులో కొన్ని నెలల అద్దెను అడ్వాన్సుగా అడుగుతారు కాబట్టి పోయేది లక్షల్లో ఉంటుంది. ఇల్లు లోపలికి వెళ్ళి చూసి, ఆస్తి పన్ను రసీదులోని పేరు, ఒప్పందంలోని పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటేనని తేల్చుకున్న తర్వాతనే, చిన్నదైనా సరే, బయానా ఇవ్వండి.

*ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్‌ను రూ. 31,000కు అమ్మాను. కొన్నతను ఇంటికి వచ్చాడు, యూపీఐలో డబ్బు పంపాడు, నా బ్యాంకు యాప్‌లో పడినట్టు చూసుకున్నాకే ల్యాప్‌టాప్ ఇచ్చాను. పది రోజుల తర్వాత బ్యాంకు నా ఖాతా మొత్తాన్ని నిలిపివేసింది. జీతం కూడా తీసుకోలేకపోతున్నాను. నేను చేసిన తప్పేమిటి? (ఒక పాఠకుడు, బీటీఎం లేఅవుట్)*

జవాబు: మీరు చేసిన తప్పు లేదు. మీకు వచ్చిన డబ్బు ఎక్కడో మోసపోయిన మరొకరిది అయి ఉంటుంది. పైన మొదటి ఉత్తరంలో రాసినట్టు వారు 1930లో ఫిర్యాదు చేయగా, ఆ సొమ్ము నడిచిన దారిలోని ఖాతాలన్నిటికీ నిలుపుదల వర్తించి ఉంటుంది. దొంగసొమ్మును వెంటనే వస్తువుగా మార్చుకోవడానికి కొందరు ఇలా ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు కొంటారు.

బ్యాంకుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ఏ ఫిర్యాదు నంబరు మీద, ఏ రాష్ట్రంలోని ఏ పోలీసు స్టేషను కోరికపై, ఎంత మొత్తానికి నిలుపుదల చేశారో అడిగి తెలుసుకోండి. ఆ స్టేషనుకు మీ ప్రకటన కాపీ, కొన్నవాడితో జరిగిన సందేశాలు, ల్యాప్‌టాప్ కొన్నప్పటి బిల్లు, మీ గుర్తింపు పత్రం ఈమెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. వివాదంలో ఉన్న మొత్తానికే నిలుపుదల పరిమితం చేసి, మిగతా ఖాతాను వదిలేయాలని బ్యాంకును కోరండి. 2023లో కేరళ హైకోర్టు ఇటువంటి పిటిషన్లలో ఇదే తీరుగా ఆదేశించింది. ఆ తీర్పు కర్ణాటకలోని బ్యాంకును నేరుగా కట్టడి చేయకపోయినా, మీ అర్జీలో ఉదహరించడానికి పనికివస్తుంది. అప్పటికీ కదలిక లేకపోతే న్యాయవాదిని కలిసి హైకోర్టును ఆశ్రయించవలసి రావచ్చు.

ఇకముందు అమ్మేటప్పుడు, డబ్బు పంపిన ఖాతా పేరు మీ ఎదుట నిలబడ్డ మనిషి పేరేనా అని చూడండి. ‘స్నేహితుడు పంపుతాడు’ అంటే ఒప్పుకోకండి. అమ్మకం వివరాలు, వస్తువు సీరియల్ నంబరుతో సహా ఒక కాగితం మీద రాసి అతని సంతకం తీసుకొని దాచండి. డబ్బు పడిందో లేదో ఎదుటివారి స్క్రీన్‌షాట్ చూసి కాక సొంత బ్యాంకు యాప్ చూసి నిర్ధారించుకున్నారు, ఆ పద్ధతి వదలకండి. పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి ‘ఖాతాలో జమ అయింది’ అని వచ్చే సందేశం బ్యాంకుది కాదు.

*ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ఫోను కొనాలనుకుంటున్నాను. అది దొంగ ఫోను కాదని తెలుసుకోవడం ఎలా? (ఒక విద్యార్థిని, యలహంక)*

జవాబు: ఫోనులో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్, అంటే *#06# కొడితే ఆ ఫోను గుర్తింపు సంఖ్య అయిన 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. బిల్లు మీద, పెట్టె మీద ఉన్నది అదేనేమో చూడండి. తర్వాత కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు సందేశం పంపండి. కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో కూడా చూడవచ్చు. నంబరు బ్లాక్ అయిందని గానీ, నకిలీ అని గానీ సమాధానం వస్తే ఆ ఫోను ఎంత చవకైనా కొనవద్దు. బిల్లు లేదంటే అమ్మేవారి గుర్తింపు పత్రం కాపీ మీద సంతకం తీసుకోండి. చివరగా, వారి గూగుల్ లేదా ఆపిల్ ఖాతాను వారి చేతనే మీ ఎదుట తొలగింపజేసి, ఫోనును రీసెట్ చేయించి, మీ సిమ్ము వేసి ఒక కాల్ చేసి చూడండి. పాత ఖాతా తొలగించకుండా రీసెట్ చేసిన ఫోను మళ్ళీ ఆ పాత పాస్‌వర్డునే అడుగుతుంది కాబట్టి, ఇదంతా అయ్యాకే డబ్బు ఇవ్వండి.