ఫీనిక్స్‌లో గులాబీ మొక్క ఎందుకు మాడిపోతోందని అడిగేవాళ్ళకి

"అక్కా, రోజూ పొద్దున్నే నీళ్ళు పోస్తున్నాను, ఎరువు కూడా వేశాను, అయినా గులాబీ ఆకులు అంచుల నుంచి మాడుకుంటూ వస్తున్నాయి, ఈ ఎండలకి ఇక్కడ గులాబీలు బతకవా?" అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ చుట్టుపక్కలకి కొత్తగా వచ్చి, కాస్త పెరడున్న ఇంట్లో దిగిన మనవాళ్ళు జూన్ వచ్చేసరికి నన్ను అడిగే ప్రశ్న ఇది. బతుకుతాయి. బ్రహ్మాండంగా బతుకుతాయి. ఎండ సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ "రోజూ" అన్న మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే పొరపాటు ఎక్కువగా అక్కడే జరుగుతోంది. నేను ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్ వచ్చి 18 ఏళ్ళయింది. మొదటి ఏడాది ఆశగా నాటుకున్న ఆరు మొక్కల్లో నాలుగు ఆగస్టు దాటలేదు. నేనూ మీలాగే రోజూ నీళ్ళు పోశాను, అవి ఎందుకు పోయాయో అర్థం కావడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.

ఇక్కడ మన కుళాయిలోకి వచ్చే నీళ్ళు చాలావరకు నదుల నీళ్ళు. కొన్ని కొలరాడో నది నుంచి ఎడారి మధ్యలో తవ్విన కాలువ మీద వందల మైళ్ళు ప్రయాణం చేసి వస్తాయి, కొన్ని సాల్ట్, వెర్డీ నదుల నుంచి వస్తాయి. సాల్ట్ నదికి ఆ పేరు ఊరికే రాలేదు. దారి పొడవునా కరిగిన ఉప్పులు, సున్నం అన్నీ ఈ నీళ్ళలో ఉంటాయి. మీ షవర్ చుట్టూ తెల్లగా గట్టిపడేది ఆ సున్నమే. ఇప్పుడు ఈ నీళ్ళని రోజూ ఐదు నిమిషాలు పైపు పట్టుకుని పోశామనుకోండి, అవి నేలలోకి మూడు నాలుగు అంగుళాలు దిగుతాయి, మధ్యాహ్నం లోపు ఎండ ఆ తడినంతా లాగేస్తుంది, నీరు పోతుంది కానీ ఉప్పు ఎక్కడికీ పోదు. మర్నాడు మళ్ళీ అంతే. నెల తిరిగేసరికి పాదు అంచున గోటితో గీస్తే తెల్లటి పెచ్చు లేస్తుంది, చూడండి, మన చౌడు నేలల్లో లేచే పొర లాంటిదే. వేళ్ళు తడి ఉన్న చోటుకే వస్తాయి కాబట్టి అవీ పైపైనే అల్లుకుంటాయి, సరిగ్గా ఆ వేడిలో, ఆ ఉప్పులో. ఆకు కొస గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత అంచుల వెంట సన్నగా కాలినట్టు గీత వస్తుంది. అది చూసి నీళ్ళు చాలట్లేదేమో అనుకుని సాయంత్రం కూడా పోస్తాం. నేను సరిగ్గా ఇలాగే చేశాను.

కాబట్టి చేయాల్సింది ఏమిటంటే, తక్కువసార్లు పోయాలి, పోసినప్పుడు అడుగున్నర లోతుకి దిగేలా పోయాలి. మొక్క చుట్టూ రెండడుగుల వెడల్పున పాదు చేసి, డ్రిప్ పైపు దాని చుట్టూ తిప్పి, మొదలుకి ఆనకుండా ఎమిటర్లు, అంటే నీళ్ళు చుక్కలుగా కారే బిళ్ళలు, పెట్టండి. నీళ్ళు ఆపిన గంటకి సన్నటి ఇనుప చువ్వ ఒకటి తీసుకుని పాదులో గుచ్చండి. తడి ఉన్నంతవరకు వెన్నలోకి దిగినట్టు దిగి, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. చువ్వకి 18 అంగుళాల దగ్గర ఒక గుర్తు పెట్టుకోండి, ఆ గుర్తు వరకు దిగడానికి మీ డ్రిప్ ఎంతసేపు నడవాలో అదే మీ టైమర్ లెక్క. నా పెరట్లో గంటన్నర పడుతుంది, మీ మట్టికి ఇంకోలా ఉండొచ్చు, అందుకే నా లెక్క మీకు పనికిరాదు, చువ్వ పనికొస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నేను రోజు విడిచి రోజు పెడతాను, మరీ మండే వారాల్లో రోజూ కూడా పెడతాను, కాకపోతే అదే లోతుకి, చలికాలంలో వారానికో పది రోజులకో ఒకసారి చాలు. నెలకొకసారి మాత్రం మామూలు కంటే రెట్టింపు సేపు వదిలేయండి, పేరుకున్న ఉప్పు వేళ్ళ కిందికి కొట్టుకుపోవాలి. పాదు నిండా మూడు నాలుగు అంగుళాల మందాన చెక్కపొట్టు కప్పండి, కాకపోతే మొదలు చుట్టూ ఒక గుప్పెడు ఖాళీ వదలండి.

ఒక జాగ్రత్త, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఈ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో నీటి సాఫ్ట్‌నర్ ఉంటుంది, అది సున్నాన్ని తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది, ఆ నీళ్ళు గులాబీకి పోస్తే చేజేతులా ఉప్పు పోసినట్టే. పెరటి కుళాయికి మామూలుగా సాఫ్ట్‌నర్ కలపరు కానీ మీ ఇంట్లో ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్ కడిగిన నీళ్ళు కూడా వద్దు.

గొయ్యి తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి, కింద గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా వచ్చి రంగు గుర్తులు వేసి వెళ్తారు. తవ్వుతుంటే ఒకచోట పార ఠంగుమంటుంది, అది రాయి అనుకుంటారు, కాదు, కలీచీ అంటారు, సున్నం గట్టిపడి సిమెంటులా అయిన పొర. గొయ్యి నిండా నీళ్ళు పోసి ఒక రోజు ఆగండి. మర్నాటికీ నీళ్ళు నిలిచే ఉంటే గునపంతో ఆ పొరని పగలగొట్టండి, లేదా ఇంకో చోటు చూసుకోండి, లేదా గట్టు కట్టి పైన మట్టి పోసి పెంచండి. మొండిగా అక్కడే నాటితే ఉప్పు దిగడానికి దారి ఉండదు, మళ్ళీ మొదటికే వస్తాం. ఇక్కడి మట్టి క్షారగుణం ఉన్నది కాబట్టి ఇనుము మట్టిలో ఉన్నా మొక్కకి అందదు. లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అదే సంగతి, చీలేటెడ్ ఐరన్, అంటే మొక్కకి అందే రూపంలో ఉన్న ఇనుము వేయండి, డబ్బా మీద ఈడీడీహెచ్ఏ (EDDHA) అని ఉన్నది చూసి తీసుకోండి, క్షారపు మట్టిలో బాగా పనిచేసేది అదే.

తవ్వేటప్పుడు ముందు నేలని తడపండి, మాస్క్ పెట్టుకోండి. మీరు భయపడాలని చెప్పట్లేదు, కానీ ఈ మట్టి ధూళిలో వ్యాలీ ఫీవర్ తెచ్చే ఫంగస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకి వస్తుంది. వారాల తరబడి దగ్గు, జ్వరం, నీరసం ఉండి మందులకి తగ్గకపోతే వ్యాలీ ఫీవర్ పరీక్ష చేయమని డాక్టర్‌ని మీరే అడగండి, ముఖ్యంగా ఇంట్లో గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్ళు, చూడడానికి వచ్చిన పెద్దవాళ్ళు ఉంటే. పాదులో చెయ్యి పెట్టే ముందు గ్లవ్స్ వేసుకోండి, చెక్కపొట్టు కింద తేళ్ళు చల్లగా పడుకుంటాయి.

ఎండ విషయానికొస్తే, పొద్దుటి ఎండ పడి మధ్యాహ్నం నీడ వచ్చే చోటు, అంటే ఇంటికి తూర్పు వైపు, అన్నిటికంటే మంచిది. పడమటి ఎండ పడే గోడ పక్కన నాటకండి, ఆ గోడ పగలంతా కాగి రాత్రి పదింటికి కూడా చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటుంది. 2023లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గలేదు, ఆ నెలలో నా మొక్కలు నిలబడ్డాయంటే తూర్పు నీడ, లోతు నీళ్ళు, ఈ రెండిటి వల్లే. జూన్ నుంచి ఆగస్టు దాకా కత్తెర ముట్టుకోకండి, ఆకులే కొమ్మలకి గొడుగు, ఆకులు తీసేస్తే కొమ్మ బెరడు కాలిపోతుంది. ఎరువూ వద్దు. పూలు చిన్నగా, రంగు వెలిసి వస్తాయి, రానివ్వండి, ఆ మూడు నెలలు మొక్క ప్రాణం నిలుపుకుంటే చాలు. గట్టి కత్తిరింపు జనవరిలో, కొత్త మొక్కలు నాటడం డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు. మే నెలలో నర్సరీలో పూలతో కళకళలాడుతున్న కుండీ చూసి మనసాగక కొనుక్కొచ్చేవాళ్ళు ఎక్కువ, దయచేసి ఆగండి. నల్లటి ప్లాస్టిక్ కుండీలో అయితే వేళ్ళు అక్షరాలా ఉడికిపోతాయి.

మొదటిసారి అయితే ఐస్‌బర్గ్ తెల్ల గులాబీ పెట్టుకోండి, మొండిది, ఓర్చుకుంటుంది. వాసన కావాలంటే మిస్టర్ లింకన్ అనే రకం. ఇండియాలో ఇంటి నుంచి నాటు గులాబీ కొమ్మ సూట్‌కేసులో తెచ్చుకుందామన్న ఆలోచన మాత్రం మానుకోండి, పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి తెగుళ్ళు లేవని ఇచ్చే పత్రం) లేకుండా మొక్కలు తేకూడదు, చెప్పకుండా తెస్తే తీసేసుకోవడమే కాదు, జరిమానా కూడా పడుతుంది. మా అమ్మ పెరటి గులాబీ వాసన నాకూ కావాలనిపించింది, ఆ దిగులు నాకు తెలుసు. మిస్టర్ లింకన్ ఆ వాసన కాదు, కానీ జనవరి కత్తిరింపు తర్వాత ఏప్రిల్లో విచ్చిన మొదటి పువ్వు దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను.

పొడి గాలి వల్ల లాభమూ ఉంది. తేమ ఎక్కువున్న ఊళ్ళల్లో గులాబీలని పీడించే నల్లమచ్చ తెగులు ఇక్కడ చాలా అరుదు. ఎండాకాలంలో ఎర్రనల్లి పడుతుంది, దానికి మందు అక్కర్లేదు, పొద్దున్నే ఆకుల అడుగున గట్టిగా నీళ్ళు చిమ్మితే చాలు. ఇక్కడ గులాబీ బతకదనే మాట నమ్మేవాళ్ళు ఒకసారి అరిజోనాలోనే ఉన్న టూంబ్‌స్టోన్ ఊరు వెళ్ళి రండి, స్కాట్లాండ్ నుంచి వచ్చిన లేడీ బ్యాంక్స్ గులాబీ ఒకటి 1885లో నాటారు, ప్రపంచంలోనే అతి పెద్ద గులాబీ చెట్టుగా పేరు, పందిరి కింద బల్లలు వేసుకుని మనుషులు కూర్చునేంత. మెసా కమ్యూనిటీ కాలేజీలో వేల మొక్కల గులాబీ తోట ఉంది, అది మనకి దగ్గర, జనవరిలో వెళ్తే కత్తిరింపు ఎలా చేస్తారో కళ్ళారా చూడొచ్చు.

ఇక వాన. ఇక్కడ ఏడాదికి పడేది సగటున 7 అంగుళాల పైచిలుకు, అంతే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా మాన్‌సూన్ అంటారు కానీ ఆ మాట విని తొలకరి ఊహించుకోకండి. 2020లో ఆ మూడున్నర నెలలకీ కలిపి ఎయిర్‌పోర్టు దగ్గర పడింది ఒక్క అంగుళం. మీ వీధిలో కుండపోతగా కురిసి పక్క వీధిలో చినుకు రాలకపోవచ్చు. ముందు గాలి వస్తుంది, దక్షిణం వైపు ఆకాశం గోధుమరంగు గోడలా లేస్తుంది, ఆ ధూళి తుపానుని హబూబ్ అంటారు. కార్లో ఉంటే రోడ్డు దిగి పూర్తిగా పక్కకి ఆపి, లైట్లన్నీ ఆర్పేసి, బ్రేక్ మీద నుంచి కాలు తీసేయండి, లైట్లు వెలుగుతుంటే వెనక వచ్చేవాళ్ళు అదే రోడ్డు అనుకుని గుద్దేస్తారు. వాగు మీద నీళ్ళు పారుతుంటే ఎంత తక్కువగా కనిపించినా దాటకండి.

ఆ ధూళి సర్దుకున్నాక ఒక వాసన వస్తుంది. మన మట్టి వాసన కాదది, క్రియోసోట్ పొదల ఆకులు తడిస్తే వచ్చే వాసన, కొంచెం ఘాటుగా, మందులా ఉంటుంది. మొదటి రెండేళ్ళు అది నాకు పరాయిగా అనిపించింది. ఇప్పుడు ఆ వాసన తగలగానే పొయ్యి కట్టేసి పెరట్లోకి వెళ్తాను.

వాన కోసం గులాబీ పాదుని ముందే సిద్ధం చేయాలి, జూన్ మొదటి వారంలోనే. ఇక్కడి ఇళ్ళకి చాలావాటికి గట్టర్లు ఉండవు, చూరు కలిసే మూల నుంచి నీళ్ళు ధారగా పడతాయి. ఆ ధార పడేచోట నాలుగు పెద్ద రాళ్ళు పేర్చి, అక్కడి నుంచి చిన్న కాలువ తీసి పాదులకి కలపండి, నీళ్ళు ఇంటి పునాది వైపు మళ్ళకుండా చూసుకోండి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే 600 గ్యాలన్ల పైనే నీళ్ళు దిగుతాయి, 55 గ్యాలన్ల డ్రమ్ము దానిలో పదో వంతు వానకే నిండిపోతుంది, అందుకే నా మటుకు నాకు డ్రమ్ము కంటే నేలే మంచి తొట్టి. డ్రమ్ము పెట్టుకుంటే పైన దోమల జాలీ బిగించండి, హెచ్ఓఏ, అంటే మీ కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళని ఒక మాట అడగండి. ఇక్కడ వాననీళ్ళు పట్టుకోవడానికి అడ్డు లేదు.

వాననీళ్ళలో ఉప్పు దాదాపు ఉండదు. మనం నెలల తరబడి కుళాయి నీళ్ళతో పాదులో పేర్చిన దాన్ని ఒక్క మంచి వాన లోపలికి కడిగేస్తుంది, ఆకుల మీది ధూళిని కూడా. అందుకే వాన పడిన వారానికి, మనం ఏమీ వేయకుండానే, మాడిన ఆకుల మధ్య నుంచి రాగి రంగులో చిగురు పొడుచుకొస్తుంది. అయితే చినుకులు చూసి టైమర్ ఆపేయకండి. ఒక వాన కొలిచే గొట్టం పెట్టుకోండి, పావు అంగుళం లోపు పడితే లెక్కలోకి రాదు, అర అంగుళం దాటితే రెండు మూడు రోజులు ఆపండి, సందేహమొస్తే చువ్వ ఉండనే ఉంది.

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే ఒక చుట్టు తిరగండి. కొట్టుకుపోయిన చెక్కపొట్టుని సర్దండి, కుండీల కింద పళ్ళేల్లో నిలిచిన నీళ్ళు ఒంపేయండి. అంటు కట్టిన చోటు కింద నుంచి కొత్త కొమ్మ వచ్చిందేమో చూడండి, ఉంటే కత్తిరించకుండా మొదలంటా లాగేయండి, వదిలేస్తే అది ముదురెరుపు చిన్న పూలు పూసి పైమొక్కని మింగేస్తుంది. సెప్టెంబరు నడిమికి ఎండ కాస్త తగ్గాక కొసలు మాత్రం తేలిగ్గా కత్తిరించి, అప్పుడు ఎరువు వేసి, లోతుగా నీళ్ళు పెట్టండి, నవంబరు మొదట్లోకి పూలు నిండుగా వస్తాయి.